తిరుగు కొలత

గడియారం తమ దీవికి వస్తోందని తెలిసిన రోజు నుంచి గున్నెల్‌కి తిండి సయించలేదు.

ఊళ్లో మిగతావాళ్లు మురిసిపోతున్నారు. అరవై గడపలు, ఒక చేపల రేవు, వారానికి నాలుగు రోజులు తెరిచే కొట్టు తప్ప ఏమీ లేని గ్రెన్‌షేర్‌కి, ప్రపంచంలోని మహా కచ్చితమైన గడియారాల్లో ఒకటి ట్రెయిలరెక్కి వస్తోందంటే మాటలా! గున్నెల్ కూడా మురిసిపోయేదే, అది వచ్చి నిలబడేది ఏ బోల్టు పక్కనో తెలియకపోతే.

ఓడలకు దారి చూపే పైలట్లు ఒకప్పుడు కాపురమున్న పాత ఇంటి వెనక, బండరాతిలో దిగేసిన ఇత్తడి బోల్టు అది. సముద్రానికి అదెంత ఎత్తులో ఉందో దేశానికి చెప్పింది గున్నెలే. ముప్ఫై ఏడేళ్ల కిందటి మాట. ఎత్తులు కొలవడం ఆమె ఉద్యోగం. మూడు కాళ్ల స్టాండు మీద దుర్భిణి, ముందొక కొలబద్ద, వెనకొక కొలబద్ద, నూరు మీటర్లకు ఒక మజిలీ. అలా పదమూడు వేసవుల్లో రెండు వేల తొమ్మిది వందల కిలోమీటర్లు నడిచింది. నడిచిన ప్రతి దారినీ కొలుచుకుంటూ మళ్లీ వెనక్కి నడిచింది.

ఆ వెనక్కి నడవడమే ఆ పనికి ప్రాణం. పొద్దున వెళ్తూ కొలిచిందీ, మధ్యాహ్నం వస్తూ కొలిచిందీ మిల్లీమీటరు అటూ ఇటూగా కలవాలి. కలవలేదా, ఆ రోజు పడ్డ చెమటంతా దండగ. అంకెలు రాసేది సిరాతోనే. తప్పు రాస్తే చెరపకూడదు. అడ్డంగా ఒక్క గీత గీసి, పైన సరైన అంకె వేసి, పక్కన సంతకం పెట్టాలి. గీత కింద తప్పు కూడా చదవడానికి వీలుగా ఉండాలి. ఈ రెండు కట్టుబాట్లూ గున్నెల్‌కి పుట్టుమచ్చల్లా ఒంటికి అంటుకుపోయాయి. అయినా ఒక్కసారి తప్పింది.

ఆ ఆగస్టు రోజున, దీవిని ఒడ్డుతో కలిపే కట్ట మీద అప్పటికే ఎత్తు తెలిసిన బోల్టు నుంచి ఈ బోల్టు దాకా కిలోమీటరున్నర కొలిచింది. పదిహేనో మజిలీలో ఉండగా కబురొచ్చింది. పడవల కొట్టం దగ్గర నాన్న పడిపోయాడు, ఊపిరి అందడం లేదు, నిన్నే పిలుస్తున్నాడు అని. దుర్భిణి అక్కడే వదిలేసి పరిగెత్తింది. నాన్న చేపలు పట్టేవాడు. ఏటా వేసవి పండగ నాడు నీళ్లెంత దాకా ఉన్నాయో కొట్టం రాతి మీద గీత పెట్టేవాడు. మంచుయుగపు మంచు బరువు దిగాక ఆ తీరంలో నేల ఏటా కొద్దికొద్దిగా లేస్తోందని గున్నెల్‌కి మొదట చూపించింది ఆ గీతలే. ఆమె చెయ్యి పట్టుకుని ఆయన అడిగింది ఒకే మాట.

"తిరుగు కొలత అయిందా?"

"అయింది నాన్నా."

ఆయన నవ్వాడు. సాయంత్రానికి పోయాడు.

పాతిపెట్టి వచ్చిన మర్నాడే జట్టు వేరే జిల్లాకు బయల్దేరాలి. గున్నెల్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, వెళ్లేటప్పటి అంకెలనే తిరగేసి, ఇక్కడ అర మిల్లీమీటరు పెంచి, అక్కడ కాస్త తగ్గించి, పదిహేను వరసల తిరుగు కొలత సిరాతో రాసేసింది. తిరిగి తిరిగి మొదటికొచ్చే దారిలో తప్పుంటే దానంతటదే బయటపడుతుంది. ఇది దీవిలో ఆగిపోయే దారి. సరిచూడడానికి ఎవరూ రారు. చెట్లు ఆకాశాన్ని మూసేసిన చోట ఉన్న బోల్టు కాబట్టి తర్వాత ఉపగ్రహాలతో కొలిచినవాళ్లు కూడా దీని జోలికి రాలేదు.

ఇప్పుడు గడియారం వస్తోంది. దానికి నడక అక్కర్లేదు, దారి అక్కర్లేదు. పక్కన కూర్చుని ఎత్తు చెప్పేస్తుందట.

* * *

గడియారంతో వచ్చిన పిల్ల పేరు సైమి. దేశపు దక్షిణ కొస నుంచి వచ్చింది, ముప్ఫై ఒకటో ఏడు. అయిదేళ్లుగా ఆ గడియారమే లోకంగా బతుకుతోంది. పైలట్ల ఇంటి తాళంచెవి గున్నెల్ దగ్గరుంటుంది కాబట్టి మొదటి రోజే వచ్చి తలుపు తట్టింది.

"ఆ బోల్టు ఎత్తు కావాలండీ. కొత్త కంప్యూటర్ జాబితాలో ఇది లేదు. దాని ఎత్తు రాసిన పాత కార్డు మీ దగ్గరే ఉందన్నారు."

"రేప్పొద్దున రాసిస్తాలే. ముందు కాఫీ తాగు" అంది గున్నెల్. మర్నాడు పొద్దున్నే లేచి, కార్డు ముందేసుకుని, లెక్క చూసుకుని, గుండ్రటి దస్తూరీతో అంకె రాసిచ్చింది.

ట్రెయిలర్‌లోకి మొదటిసారి తొంగిచూసినప్పుడు మాత్రం భయం కాసేపు మరిచిపోయింది. గోడల నిండా అద్దాలు, తీగలు, గోరంత కంతల్లోంచి నీలం వెలుగు. మధ్యలో నికెల్ కలిసిన రేకుల పెట్టె, దానిలో ఇంకో పెట్టె.

"ఇన్ని పెట్టెలెందుకు?"

"అయస్కాంతపు గాలి సోకకుండా. లోపల స్ట్రాన్షియం అణువులుంటాయి. కొన్ని వేలు. కదలిక దాదాపు ఆగిపోయేంత చల్లబరిచి, లేజర్ వెలుగుతో అల్లిన గూట్లో కూర్చోబెడతాం. అవి సెకనుకి నాలుగు వందల ఇరవై తొమ్మిది లక్షల కోట్ల సార్లు ఊగుతాయి. మేం లెక్కపెడతాం."

"అన్నీనా?"

"అన్నీ."

"మరి ఎత్తుకీ దీనికీ ఏమిటి సంబంధం?"

సైమి మొహం వెలిగిపోయింది. ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టుంది ఆ పిల్ల. "పైకి వెళ్లేకొద్దీ కాలం తొందరగా నడుస్తుందండీ. దీన్ని ఒక్క సెంటీమీటరు పైకెత్తామనుకోండి, నడక మారుతుంది. ఆ తేడా ఎంతంటే, విశ్వం పుట్టిన రోజు నుంచి నడిపినా అర సెకను కూడా పోగవదు. అంత చిన్న తేడాని ఇది పట్టుకుంటుంది. దక్షిణాన మా కొండ మీద దీని తోబుట్టువుంది. రెంటినీ వెలుగు తీగతో కలిపాం. ఏది ఎంత ముందు నడుస్తోందో చూస్తే, ఏది ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది."

గున్నెల్ ఆ నీలం వెలుగు వైపు మళ్లీ చూసింది. ఎండలో గొడుగు కింద నిలబడి, దోమలు కుట్టించుకుని, మడమలు అరగదీసుకుని తను మిల్లీమీటరు మిల్లీమీటరు కూడబెట్టిన ఎత్తుల్ని ఇదిలా కూర్చున్న చోట చెప్పేస్తుంటే కుళ్లుకోవాలి నిజానికి. కుళ్లు రాలేదు. మనిషి బుర్రకి ఇంత శక్తి ఉందా అని గుండె నిండిపోయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. తన గుట్టు బయటపెట్టబోయే గడియారాన్ని ఇంత ఇష్టంగా చూస్తున్నందుకు తన మీద తనకే నవ్వొచ్చింది.

అన్నట్టు ఆ గడియారానికి ఇనుమంటే పడదు. మూడో రోజున పొద్దున ఎనిమిదింటికొకసారి, సాయంత్రం అయిదింటికొకసారి దాని నడక ఉలిక్కిపడడం మొదలైంది. సైమి లేజర్లన్నీ విప్పి చూసింది, రెండు రోజులు నిద్ర మానుకుంది. చివరికి దొరికిన దొంగ ట్రాక్టరు. చేపలు పట్టే రూనార్ వలలు వేసుకుని రేవుకి వెళ్లే దారి ట్రెయిలర్ పక్కనుంచే.

"నా ట్రాక్టరు వెళ్తే నీ గడియారానికి దడా?" అన్నాడు రూనార్. డెబ్భై నాలుగేళ్లొచ్చినా ఆయన నోటికి విశ్రాంతి లేదు. "ఇంత సుకుమారమైతే ఇంట్లోనే ఉంచాల్సింది."

"అంత ఇనుము కదిలితే అణువులకు తెలుస్తుందండీ. అరవై మీటర్ల అవతలి నుంచి వెళ్లండి, దండం పెడతాను. ఇక్కడికి వచ్చేటప్పుడు ఆ బెల్టు కూడా వద్దు. బకిల్ ఎంతుందో చూశారా?"

మర్నాడు రూనార్ ప్యాంటుకి వల తాడు కట్టుకుని వచ్చాడు. "జారిపోతే పూచీ నీది" అని ఊరంతా వినేలా చెప్పాడు. ఆయన నవ్వుతూనే గున్నెల్ వంక ఒక చూపు చూశాడు. ఆనాడు పదిహేనో మజిలీలో కొలబద్ద పట్టుకుని నిలబడ్డది రూనారే. తిరుగు కొలత లేదని భూమ్మీద తెలిసిన రెండో మనిషి ఆయనే. ముప్ఫై ఏడేళ్లలో ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు.

* * *

తొమ్మిదో రోజు, మంగళవారం మధ్యాహ్నం, సైమి గున్నెల్ వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూలబడింది. పొగబెట్టిన చేపా, రొట్టే ముందు పెట్టినా ముట్టుకోలేదు.

"ఇరవై మూడు సెంటీమీటర్లు" అంది. "బోల్టు ఉండాల్సిన దాని కన్నా ఇరవై మూడు కిందుందని చెప్తోంది."

గున్నెల్ చేతిలో కాఫీ కూజా ఆగిపోయింది. జానెడు.

"మళ్లీ ఏదైనా ఇనుమేమో?" అంది గున్నెల్.

"చుట్టూ అంగుళం అంగుళం చూశానండీ. అయస్కాంతం గొడవేం లేదు. ఎల్లుండి పదింటికి మా వాళ్లతో సమావేశం. గడియారం ప్రయాణంలో దెబ్బతింది, అంకెలు నమ్మడానికి లేదు అని చెప్పేస్తాను. తర్వాత నార్వే తీసుకెళ్లాలి దీన్ని. ఇంక తీసుకెళ్లరు. విప్పేస్తారు."

"తప్పు గడియారానిదే అని ఎందుకనుకుంటున్నావు?"

సైమి తలెత్తి చూసింది. ఆ చూపులో అనుమానం రవ్వంతైనా లేదు. "రెండోవైపు ఉన్నది మీ కొలత కదండీ. నేను కంప్యూటర్లో మీ కొలతలన్నీ చదివాను. వెయ్యి కిలోమీటర్లు తిరిగొస్తే వేలెడంత తేడా రాదు మీకు. అంతంత దూరం కాళ్లతో నడిచి, కంటితో చూసి ఎలా కొలిచారా అని నాకిప్పటికీ వింతే. మీరు జానెడు తప్పు చేస్తారా? నా గడియారం చేస్తుంది."

తిట్టినా బాగుండేదనిపించింది గున్నెల్‌కి. తను నోరు మూసుకుంటే చాలు, ఎల్లుండి పదింటికి ఈ పిల్ల అయిదేళ్ల కష్టాన్ని తనంతట తనే బుట్టలో పారేసి వెళ్లిపోతుంది. గున్నెల్ పేరు చెక్కు చెదరదు. ఒక్క క్షణం, అవును, ఆ ఒక్క క్షణం ఆశ పుట్టింది కూడా. అది పుట్టినందుకే తర్వాత ఎక్కువ సిగ్గుపడింది.

లేచి సొరుగు తెరిచింది. మిగతా అంకెలన్నీ కంప్యూటర్‌కెక్కాక, పాత పుస్తకాలు పారేస్తుంటే ఇదొక్కటి అడిగి తెచ్చుకుంది. ఆకుపచ్చ అట్ట, మూలలు నలిగిన పుస్తకం. పేజీ తీసి సైమి ముందు పెట్టింది.

"ఎడమవైపు వరసలు కొలిచినవి. కుడివైపువి కొలవలేదు. ఈ బల్ల మీదే కూర్చుని రాశాను."

సైమికి అర్థం కాలేదు. గున్నెల్ మొదటి నుంచీ చెప్పింది. కబురు, పరుగు, నాన్న అడిగిన మాట, తనిచ్చిన జవాబు, పాతిపెట్టిన మర్నాటి పొద్దు. ఏదీ మెత్తబరచలేదు. "మధ్యలో ఎక్కడో ఒక వరస తప్పు రాసి ఉంటాను. కొలబద్ద కింది దిమ్మ జరిగిందేమో. అలాంటివి పట్టుకోవడానికే తిరుగు కొలత. అది నేను చెయ్యలేదు. నీ గడియారం నిజమే చెప్తోంది అమ్మాయ్. దాన్ని విప్పనివ్వకు."

సైమి పేజీ మీద వేలు పెట్టి, కుడివైపు వరసలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది.

"ఎన్ని మజిలీలు?" అంది చివరికి.

"పదిహేను."

"ట్రెయిలర్ ఎత్తుని బోల్టు ఎత్తుతో ముడిపెట్టడానికి తెచ్చిన దుర్భిణి ఉంది. కొలబద్దలు రెండున్నాయి. రేపొక్క రోజు చాలదూ?"

గున్నెల్ తల అడ్డంగా ఊపబోయి ఆగింది. "పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి" అంది.

కబురు పెట్టగానే రూనార్ వచ్చాడు. విషయం విని, గడ్డం గోక్కుని, "ఎప్పుడడుగుతావా అని చూస్తున్నా. ఇంకో అయిదేళ్లాగితే కొలబద్దని నేను పట్టుకోవడం కాదు, అదే నన్ను పట్టుకోవాల్సొచ్చేది" అన్నాడు.

* * *

బుధవారం పొద్దున ఏడింటికి కట్ట మీది బోల్టు దగ్గర మొదలుపెట్టారు. దుర్భిణి వెనక గున్నెల్, ముందు కొలబద్దతో సైమి, వెనక కొలబద్దతో రూనార్. యంత్రం కొత్తది, అంకెలు తనే చదివి దాచుకుంటుంది. అయినా గున్నెల్ తన కంటితో చూసి, తన సిరాతో రాసుకుంది.

అరవై తొమ్మిదేళ్ల మోకాళ్లు మూడో మజిలీకే గొడవ పెట్టాయి. అయిదో మజిలీకి మరిచిపోయాయి. అన్నీ చేతులకు గుర్తున్నాయి. స్టాండు కాలు రాతి మీద నొక్కే తీరు, బుడగ మధ్యకొచ్చే దాకా ఊపిరి బిగబట్టడం, గొడుగు ఏ పక్క పట్టాలో. "నిటారుగా పట్టు రూనార్, వంగిపోతున్నావు!" అని అరిచింది. "వంగింది కొలబద్ద కాదు, నేను" అని అటునుంచి అరిచాడు.

పదకొండింటికి పైలట్ల ఇల్లు చేరారు. బోల్టు మీద కొలబద్ద నిలబెట్టి చూశారు. ఇక్కడే. ఇక్కడినుంచే ఆ రోజు గున్నెల్ పరిగెత్తింది. దాలచిన చెక్క బన్నులు తిని, కాఫీ తాగి, ఒంటిగంటకు వెనక్కి బయల్దేరారు. పదిహేను మజిలీలు. గున్నెల్ ఒక్కటీ తొందరపడలేదు.

నాలుగున్నరకు కట్ట మీద కూర్చుని కూడింది. రెండు బోల్టుల ఎత్తుల మధ్య తేడా, వెళ్తూ ఆరు మీటర్ల నలభై ఒక్క సెంటీమీటర్ల మూడు మిల్లీమీటర్లు. వస్తూ అంతే, అర మిల్లీమీటరు తక్కువ. తర్వాత ఆకుపచ్చ పుస్తకం తెరిచి, ఎడమవైపు వరసల కింద ఉన్న మొత్తం చూసింది. మళ్లీ చూసింది. పుస్తకాన్ని రూనార్‌కి అందించింది.

"అదే అంకె" అన్నాడు రూనార్. "ఆ రోజు నువ్వు కొలిచింది సరిగ్గానే ఉంది కదే పిచ్చిదానా!"

నేల అప్పటినుంచీ లేస్తూనే ఉంది కానీ, కట్టా ఇల్లూ కలిసే లేచాయి. వాటి మధ్య తేడా మారలేదు. ముప్ఫై ఏడేళ్ల బరువు ఒక్కసారి దిగిపోయింది గున్నెల్‌కి. ఏడుస్తూ నవ్వింది. అప్పుడు సైమి మొహం చూసింది.

సైమి కూడా నవ్వుతోంది, ఆమె కోసం. కానీ కళ్లు వాలిపోయాయి. "మీ విషయంలో నాకు చాలా సంతోషంగా ఉంది" అంది. "అయితే తప్పు గడియారానిదేనన్నమాట."

జానెడు తేడా ఉన్నచోటే ఉంది.

"పద" అంది గున్నెల్, మోకాళ్లు పట్టుకుని లేస్తూ. "నీ లెక్క చూపించు నాకు. పై వరస నుంచి. ఒక్కటీ వదలకుండా."

వంటింటి బల్ల మీద సైమి కంప్యూటర్ తెరిచింది. మొదటి వరస బోల్టు ఎత్తు, గున్నెల్ రాసిచ్చిన అంకె. రెండో వరస, కూడిక, ఇరవై మూడు సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లు.

"ఇదేమిటి?" అంది గున్నెల్.

"నేల లేచింది కదండీ. ఏడాదికి తొమ్మిది మిల్లీమీటర్ల చొప్పున ఇరవయ్యారేళ్లది. ఎప్పుడు కొలిచినా, కార్డుల మీద ఉండేది రెండు వేల సంవత్సరానికి సరిచేసిన ఎత్తు. ఈనాటికి తేవాలంటే కలపాలి."

"కార్డు మీద ఉండేది సరే. నీకు నేను కార్డిచ్చానా?"

"కాగితం ఇచ్చారు."

"మరి ఈ దీవిలో పుట్టినదాన్ని, ఇరవయ్యారేళ్ల కిందటి ఎత్తు నీకెలా రాసిస్తానమ్మా! నలుగురూ నవ్వరూ? కలిపే ఇచ్చాను. పొద్దున్నే లేచి కూర్చుని మరీ కలిపాను!"

సైమి నోరు తెరుచుకుంది. చటుక్కున ఆ వరస తీసేసింది. కింద అంకెలన్నీ కదిలి, చివరి గడిలో తేడా ఆగింది. ఏడు మిల్లీమీటర్లు, గడియారం పట్టగలిగే సెంటీమీటరు కన్నా తక్కువ.

రూనార్ బల్ల మీద చరిచాడు. "జాగ్రత్త పడాలంటే మీ ఇద్దరి తర్వాతే ఎవరైనా! ఒకళ్లకి తెలీకుండా ఒకళ్లు దీవిని జానెడు పైకెత్తి, దించేవాళ్లు లేక గడియారాన్ని ఏడిపించారు!"

సైమి లేచి గున్నెల్ మెడ చుట్టూ చేతులేసి, ఏడ్చేసింది. వెలుగు గూట్లోని వేల అణువులు, పదిహేను మజిలీలు నడిచిన కాళ్లు, రెండూ ఒకే మాట చెప్పాయి. ఎంత దూరం నుంచి వచ్చి ఎక్కడ కలుసుకున్నాయో అనిపించి గున్నెల్‌కి ఒళ్లు పులకరించింది.

కళ్లు తుడుచుకున్నాక సైమి మెల్లగా అంది. "అంకె సరిగ్గానే ఉంది కదండీ. కుడివైపు వరసల సంగతి నేను మరిచిపోతాను. ఎవరికీ తెలియక్కర్లేదు."

"అంకె సరిగ్గానే ఉంది" అంది గున్నెల్. "అది అదృష్టం. కొలత కాదు."

కలం తీసుకుని పుస్తకం ముందుకు లాక్కుంది. కుడివైపు మొదటి అంకె మీద అడ్డంగా ఒక గీత గీసింది, కింద ఉన్నది చదవడానికి వీలుగా. పైన ఈ రోజు అంకె వేసింది. పక్కన తేదీ, సంతకం. రెండోది. మూడోది. పదిహేను వరసలూ అయ్యేదాకా ఆగలేదు. కింద ఒక వాక్యం రాసింది. 'పై తిరుగు కొలత 1989లో చేయలేదు, కల్పించి రాశాను, ఈ రోజు చేశాను.' సైమి దాన్ని ఫొటో తీసి, రేపటి సమావేశానికి వెళ్లే కాగితాల్లో చేర్చింది.

సిరా ఆరేదాకా గున్నెల్ పుస్తకం మూయకుండా కూర్చుంది. కిటికీలోంచి నాన్న పడవల కొట్టం కనిపిస్తోంది. ఆ ఆగస్టులో దాని గుమ్మం దాకా ఉన్న నీళ్లు ఇప్పుడు గడ్డి దాటి, రాళ్లు దాటి, ఎక్కడో దూరంగా మెరుస్తున్నాయి.

"అయింది నాన్నా" అంది.